పిల్లల మీదున్న కొరమేను

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి,



మీ కార్యాలయానికి వచ్చే ఉత్తరాల్లో రొయ్యల ధర, మేత ధర, చెరువులకి కరెంటు, బోట్లకి డీజిలు, ఇవే ఎక్కువ ఉంటాయనుకుంటాను. నేను రాస్తున్నది ఈటె గురించి. కాలువ గట్టు మీద నిలబడి చేపని చూసి పొడిచే మామూలు ఈటె. దాని గురించి ఏ ప్రభుత్వమూ పెద్దగా ఆలోచించి ఉండదు. దాని వల్ల కోట్ల ఆదాయం రాదు, దాని కోసం ధర్నాలు జరగవు. కానీ మా డెల్టాలో తొలకరి నుంచి దసరా దాకా దాని చేతిలో ఏం పోతోందో చిన్నప్పటి నుంచి చూస్తున్నవాణ్ణి కాబట్టి మీకు చెప్పి తీరాలనిపించింది.

మాది గుడివాడ దగ్గర ఒక పల్లె. పుల్లేరు నుంచి చీలిన పంటకాలువ ఊరి పక్కనే పోతుంది. ఆరడుగుల వెదురుకర్ర, దాని చివర కమ్మరి సాగదీసి ఇచ్చిన మూడు పళ్ళు, ఒక్కో పంటికీ వెనక్కి తిరిగిన చిన్న ముల్లు. గుచ్చుకున్నాక చేప ఎంత గింజుకున్నా ఊడదు. మా ఈడు పిల్లలందరికీ ఇంటి చూరులో అలాంటిది ఒకటి దోపి ఉండేది. నీళ్ళలో చేప కనపడ్డచోట ఉండదనీ, దానికి కాస్త కిందకి చూసి పొడవాలనీ బళ్ళో కాంతి పాఠం చెప్పకముందే మాకు తెలుసు. వేసవిలో కాలువలు కట్టేశాక మడుగుల్లో మిగిలిన మట్టగిడసలు, ఇంగిలాయిలు, మార్పులు చేతికే దొరికేవి. ఈటెకి అసలు పని కొత్త నీళ్ళు వచ్చాక, తూటికాడ దట్టంగా అల్లుకున్న మురుగు కాలువల్లో, కొరమేను కోసం.

నాకు పదిహేడేళ్ళప్పుడు, శ్రావణమాసంలో ఒక పొద్దున, తూటికాడ పక్కన నీళ్ళు ఒకచోట చినుకులు పడుతున్నట్టు చిటపటలాడటం చూశాను. వాన లేదు. వంగి చూస్తే వరిగింజంత చేపపిల్లలు, ఎర్రగా, నిప్పురవ్వలు గుంపుగా ఈదుతున్నట్టు. వందల కొద్దీ ఉన్నాయి. గాలి కోసం పైకొచ్చి, నీటి మీద ఒక్క చుక్క పొడిచి, మళ్ళీ కిందికి పోతున్నాయి. ఆ గుంపు కింద, మూరెడు లోతులో, మొద్దులాగా నల్లటి వీపు. కదలటం లేదు. నేను గట్టు మీద అడుగేసిన చప్పుడుకి పారిపోవాల్సింది. పారిపోలేదు. పిల్లలు ఎటు జరిగితే అటు జరుగుతోంది, అంతే.

అంత తేలిగ్గా నాకు ఏ చేపా దొరకలేదు. ఒక్క పోటు. కిలోంబావు ఉంటుంది.

అవతలి గట్టున చేపల కోసం పెట్టిన మావులు ఎత్తుకుంటున్న ముసలాయన ఉన్నాడు. మేమంతా బాబాయ్ అని పిలిచేవాళ్ళం. చేపల వేటే ఆయన బతుకు. మా కంటే నూరింతలు చేపలు చంపినవాడు. తల ఎత్తి చూసి అన్నాడు: "అది పిల్లల మీదుంది కదా అబ్బాయ్, దాన్నెందుకు కొట్టావు?" నాకు అర్థం కాలేదు. "మీ ఇంటికి చుట్టం వస్తే మీ అమ్మ పిల్లలకోడిని కోస్తుందా?" అని అడిగాడు. ఇంకేమీ అనలేదు. మావు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

నేను అక్కడే కాసేపు కూర్చున్నాను. ఆ ఎర్రటి గుంపు చెదిరి, మళ్ళీ కూడి, అదే చోట సుడి తిరుగుతోంది. కిందకి పోతున్నాయి, పైకొస్తున్నాయి. ఏం వెతుకుతున్నాయో నాకు తెలుసు, అది నా సంచీలో ఉంది. ఎండ ఎక్కేసరికి లకుముకి పిట్ట ఒకటి వచ్చి వాలింది. తర్వాత కొంగలు. మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళాను. నీళ్ళు నున్నగా ఉన్నాయి. ముందురోజు రాత్రి పులుసు తిన్నాను, రుచిగానే ఉంది. అది కూడా మీకు చెప్పాలి, దాచటం ఇష్టం లేదు.

కమిషనర్ గారూ, కొరమేను సంగతి మీకు నేను చెప్పేదేముంది. అయినా ఈ ఉత్తరం చదివే పదిమంది కోసం రాస్తున్నాను. చాలా చేపలు గుడ్లు పెట్టి వాటి మానాన వాటిని వదిలేస్తాయి. కొరమేను అలా కాదు. నాచూ గడ్డీ పక్కకి తోసి నీటి మీద చోటు చేసుకుంటుంది, తేనెరంగు గుడ్లు అక్కడ తేలుతాయి, పిల్లలై వాటి తిండి అవి వెతుక్కునేదాకా తల్లీ తండ్రీ కాపలా కాస్తాయి. మేం తల్లి అనుకుని పొడిచింది చాలాసార్లు తండ్రే అయి ఉంటుంది. కాపలా రోజుల్లో అది దేనికీ బెదరదు. కప్ప దగ్గరికి వచ్చినా మీద పడుతుంది. అందుకే గేలానికి బతికున్న కప్పని గుచ్చి పిల్లల గుంపులోకి విసిరేవాళ్ళున్నారు. ఆకలికి కాదు, పిల్లల మీద బెంగతో నోరు తెరుస్తుంది. ఆ నోట్లో గేలం పడుతుంది.

ఇంకో సంగతి. కొరమేనుకి నీళ్ళలో గాలి చాలదు. మొప్పలున్నా ఊపిరి కోసం మాటిమాటికీ పైకి రావాల్సిందే. ఎండాకాలం బురదలో కూరుకుపోయి బతకటానికి దానికి వరం అదే, ఈటె ముందు శాపం కూడా అదే. వేటగాడు ఓపిగ్గా నిలబడితే చాలు, అదే వస్తుంది. సముద్రంలో మునిగి బల్లెంతో చేపలు కొట్టేవాళ్ళు ప్రపంచంలో చాలాచోట్ల ఉన్నారు. వాళ్ళలో ఒక పట్టింపు ఉంది: గాలి సిలిండరు కట్టుకుని వేటాడకూడదు. ఊపిరి బిగబట్టి దిగాలి, ఆ ఒక్క ఊపిరిలో దొరికితే దొరికినట్టు, లేకపోతే వదిలేసి పైకి రావాలి. ఆస్ట్రేలియాలో చాలాచోట్ల దాన్ని చట్టంగా కూడా రాసుకున్నారు. అక్కడ మనిషి ఊపిరి అయిపోవటమే చేపకి దొరికే అవకాశం. మా కాలువ గట్టున లెక్క తిరగబడింది. ఊపిరికి పైకి రావాల్సింది చేప. మనం గట్టు మీద హాయిగా గాలి పీల్చుకుంటూ నిలబడతాం. దానికి ఏ అవకాశమైనా ఇవ్వాలంటే మన చేతిలోంచే ఇవ్వాలి, ఇంకెక్కడా లేదు.

వలకి వేల కన్నులుంటాయి, చూపు ఉండదు. కన్ను ఎంత పెద్దదైతే అంతకంటే చిన్న చేప తప్పించుకుంటుంది, అంతే దాని న్యాయం. గేలానికీ ఏది తగులుతుందో ముందుగా తెలియదు. వాటిని తప్పు పట్టలేం. ఈటె అలా కాదు. పొడిచేముందు చేపని చూస్తాం. ఏ చేపో, ఎంతుందో, దాని మీద పిల్లలున్నాయో లేదో తెలిసే పొడుస్తాం. దశరథుడు చీకట్లో కుండ మునిగిన చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేశాడు. తెలియక చేసినా ఆ పాపం ఆయన్ని వదల్లేదు. మనం తల మీద లైటు పెట్టుకుని, పిల్లల్ని చూసి, వాటి కింద తల్లి ఉంటుందని తెలిసి, అక్కడే పొడుస్తున్నాం. పిల్లల గుంపే మాకు ఆనవాలు. అది లేకపోతే ఆ నల్లటి నీళ్ళలో చేప ఎక్కడుందో సగంమందికి తెలియదు.

అందుకే ఈటెని నిషేధించమని నేను అడగటం లేదు. వేటాడే పనిముట్లన్నిటిలో ఏరుకుని కొట్టగలిగింది ఇదే. వదిలేయగలిగింది కూడా ఇదే.

అయితే ఏరుకోవటం ఎటు పోతుందో కూడా చెప్పాలి. చేతిలో ఈటె ఉన్నవాడి కన్ను పెద్ద చేప మీదికే పోతుంది. దివిసీమ వైపు, నాగాయలంక కింద మడ అడవుల పాయల్లో పండుగప్ప దొరుకుతుంది. ఆ చేప మొదట మగదిగా పెరిగి, కొన్నేళ్ళకి ఆడదిగా మారుతుంది. అంటే బాగా పెద్దవి దాదాపు అన్నీ ఆడవే, లక్షల కొద్దీ గుడ్లు పెట్టగలిగినవే. భుజం మీద వేసుకుని ఫొటో దిగటానికి మనం వెతుక్కునేది సరిగ్గా వాటినే. ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ తీరాన గ్రే నర్స్ అనే సొరచేప ఉంది. చూడటానికి భయంకరం, నిజానికి నెమ్మది. పారిపోదు. బల్లేల వాళ్ళు దాన్ని సరదాకి కొట్టి కొట్టి దాదాపు కనపడకుండా చేస్తే, 1984లో అక్కడి ప్రభుత్వం దానికి చట్టరక్షణ ఇచ్చింది. ప్రపంచంలో సొరచేపకి అలాంటి రక్షణ దొరకటం అదే మొదలు. అన్నేళ్ళయినా ఆ చేప ఇంకా కోలుకోలేదు. పారిపోని చేపని కొట్టటం వేటగాడి పనితనం కాదని అక్కడివాళ్ళకి తెలిసేసరికి ఆలస్యమైపోయింది.

ఇక మన సముద్రం సంగతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరమంతా మరబోట్ల వేట ఆగుతుంది. ఆ రోజుల్లో నేను బందరు, అదే మచిలీపట్నం, వెళ్ళి గిలకలదిండి హార్బరులో నిలబడ్డాను. బోట్లు వరసగా కట్టేసి ఉంటాయి. ఐసు మోసే రిక్షాలు కనపడవు. నీడలో కూర్చుని వలలు బాగుచేసుకుంటూ ఉంటారు, చేతిలో సూది ఆగదు. అప్పులు కూడా ఆగవని వాళ్ళే చెప్పారు. అయినా ఆగుతున్నారు. సముద్రంలో చేపలు గుడ్లు పెట్టే కాలమని ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ఆకలి రోజులకి ప్రభుత్వం ఒక్కో కుటుంబానికి ఇచ్చే సాయం 10 వేలుండేది, 2025లో 20 వేలు చేశారు. ఇదంతా మంచి పని. పేరులోనే మచిలీని పెట్టుకున్న పట్నం ఏడాదిలో రెండు నెలలు చేపని వదిలేస్తోందంటే అది చిన్న విషయం కాదు.

కానీ ఒక్కటి చూడండి. సముద్రంలో నిషేధం జూన్ 14తో అయిపోతుంది. మా కాలువల్లోకి కొత్త నీళ్ళు వచ్చేది దాదాపు అప్పుడే. కొరమేను, మట్టగిడస, వాలుగ గుడ్లకి వచ్చేది ఆ నీళ్ళతోనే. బందరులో చేపకి విడుపు ఇచ్చి నెల తిరక్కుండానే, ముప్పై నలభై కిలోమీటర్ల ఇవతల అలాంటి తల్లి చేపనే ఈటెకి వదిలేస్తున్నాం. బందరు జాలరికి తేదీ తెలుసు. మా ఊరి కుర్రాడికి అలాంటి తేదీ ఉంటుందని కూడా తెలియదు. ఇన్నేళ్ళలో ఆ గట్టు మీదికి వచ్చి నాకు ఒక్క మాట చెప్పింది ఆ మావుల ముసలాయన ఒక్కడే.

1897 నాటి భారత మత్స్య చట్టం పాతదే గానీ తెలివైనది. 4వ సెక్షను నీళ్ళలో మందుగుండు పేల్చి చేపల్ని చంపొద్దంది. 5వ సెక్షను విషం కలపొద్దంది. 6వ సెక్షను రాష్ట్రాలకి నిబంధనలు చేసుకునే అధికారం ఇచ్చింది. ఏ వల వాడాలి, దాని కొలత ఎంత, ఎలా వాడాలి అని రాసుకోవచ్చు. ఏదైనా ఒక నీటిలో రెండేళ్ళకి మించకుండా వేట మొత్తం ఆపొచ్చు కూడా. నూటపాతికేళ్ళకి పైబడ్డ ఆ చట్టం వల కన్ను గురించి ఆలోచించింది. ఈటె పట్టుకున్నవాడి కన్ను గురించి ఆలోచించాల్సినవాళ్ళం మనం.

ఈ రోజుల్లో గట్టు మీద జరుగుతున్నది ఆనాటి మా వేట కాదు. మాకు పెట్రోమాక్స్ లైటు ఉంటే గొప్ప, అదీ ఊళ్ళో ఒకళ్ళకో ఇద్దరికో. ఇప్పుడు నుదుటికి కట్టుకునే లైటు వంద రూపాయలకి సంతలో దొరుకుతోంది. ఆ తెల్లటి వెలుగు నీళ్ళ అడుగు దాకా దిగుతుంది. రబ్బరుతో బాణం వదిలే గన్నులు ఆన్‌లైనులో ఇంటికే వస్తున్నాయి. ఒకడు కొడతాడు, ఒకడు ఫోను పట్టుకుంటాడు. గింజుకుంటున్న చేపని కెమెరా ముందు తిప్పి చూపిస్తారు. పిల్లల గుంపు కనపడగానే "ఇక్కడుంది, ఇక్కడుంది" అని అరుస్తారు. నేను ఆ పిల్లల్ని తిట్టలేను. వాళ్ళ ఈడులో నేను చేసిందీ అదే. నాకు అవతలి గట్టున ఒక మనిషి ఉన్నాడు, వాళ్ళకి ఎవరూ లేరు, అంతే తేడా.

కరెంటు పెట్టేవాళ్ళ గురించి మాత్రం వేరుగా చెప్పాలి. పొలం మోటారు దగ్గర్నుంచి తీగ లాగి, లేదంటే బ్యాటరీ మీద ఇన్వర్టరు పెట్టి, రెండు కర్రలు నీళ్ళలో ముంచుతారు. క్షణంలో ఆ చుట్టుపక్కల ఉన్నవన్నీ వెల్లకిలా తేలతాయి. పెద్దవి ఏరుకుని పోతారు. వేలెడంత పరిగెలు, పిల్లలు, కప్పలు అక్కడే కుళ్ళిపోతాయి. కొన్నిసార్లు కర్ర పట్టుకున్న మనిషే పోతాడు, ఆ వార్తలు మీరూ చదువుతూనే ఉంటారు. దాన్ని వేట అనకండి. అక్కడ బుజ్జగింపులు పనికిరావు, పట్టుకుని కేసు పెట్టాల్సిందే.

ఈటె పట్టే మనిషికి కేసు అక్కర్లేదు, మాట చాలు. ఆ మాట మీరు చెప్పాలని నా కోరిక. ఏటా కాలువలు వదిలేముందు రైతులకి నారుమళ్ళ గురించి చెబుతారు కదా. అదే రోజు, అదే లాకుల దగ్గర, ఒక బోర్డు పెట్టించండి. చాలా రాయొద్దు, చదవరు. ఎర్రటి పిల్లల గుంపు బొమ్మ, దాని కింద నల్లటి చేప బొమ్మ, "పిల్లల మీదున్న చేపని కొట్టకండి" అని ఒక్క ముక్క. గుడివాడ, పామర్రు, బంటుమిల్లి, చల్లపల్లి, అవనిగడ్డ, ఎక్కడ లాకులుంటే అక్కడ, ఎక్కడ తూములుంటే అక్కడ. మత్స్యకార సంఘాల పెద్దల చేత చెప్పించండి. వాళ్ళ మాటకి గట్టు మీద ఉండే బరువు మీ సర్క్యులర్లకి ఉండదు. కొత్త నీళ్ళు వచ్చిన మొదటి పది పదిహేను రోజులు తూముల కిందా షట్టర్ల కిందా ఎదురెక్కే చేపని పొడవొద్దని నిబంధనే పెట్టండి. అది గుడ్లతో పైకి పోయే చేప, ఇరుకులో చిక్కిన చేప. వేసవిలో ప్రతి పెద్ద కాలువకీ ఒకటో రెండో మడుగులు ముట్టుకోకుండా వదిలేయమనండి. మళ్ళీ నీళ్ళొచ్చేదాకా విత్తనం మిగలాలి కదా.

పేదవాడి కూర మీద పడ్డావేంటని నన్ను అడిగేవాళ్ళుంటారు. ఆ మాట న్యాయమైనదే, నేను దాన్ని దాటవేయను. నాట్లకి పోయి వచ్చి, సాయంత్రం ఈటె తీసుకుని కాలువ మీదికి వెళ్ళే మనిషి నాకు తెలుసు. అతని ఇంట్లో ఆ రోజు కూర అదే. అతన్ని చేప కొట్టొద్దని నేను అననే అనను. ఈ ఒక్కదాన్ని వదిలేసి పక్కదాన్ని కొట్టమంటున్నాను. కొరమేను ఆ పూటకి దొరక్కపోతే మట్టగిడస దొరుకుతుంది, ఇంగిలాయి దొరుకుతుంది. బయట బొచ్చె, శీలావతి ఈ జిల్లాలో దొరకని వీధి లేదు. దేశంలోనే చెరువు చేపలకి పేరు పడ్డ ప్రాంతం మనది. ఆ వదిలేసిన ఒక్క చేప వెనక వందల పిల్లలు పెరిగితే, రెండేళ్ళకి అవి తిరిగొచ్చేది ఆ కూలి మనిషి ఈటె ముందుకే. బజారులో కొరమేను కొనగలిగేవాళ్ళకి కాలువ ఎండినా నష్టం లేదు, వాళ్ళకి చెరువుల్లో పెంచినది వస్తుంది. కాలువ ఖాళీ అయితే అసలు పోగొట్టుకునేది అతనే.

దివిసీమలో హంసలదీవి వైపు తీరానికి తాబేళ్ళు గుడ్లు పెట్టటానికి వస్తాయి. అటవీశాఖ వాళ్ళు రాత్రుళ్ళు తిరిగి ఆ గుడ్లు ఏరి, ఇసుకలో పాతి, కంచె వేసి, కాపలా ఉండి, పిల్లలైనాక సముద్రంలో వదులుతున్నారు. ఎంత శ్రమ, ఎంతమంది మనుషులు! కొరమేనుకి ఆ ఖర్చేమీ లేదు. కంచె అదే, కాపలా అదే. జీతం అడగదు. దాన్ని దాని పని చేసుకోనివ్వటమే మనం చేయాల్సింది.

మీరు ఎప్పుడైనా శ్రావణ భాద్రపదాల్లో గుడివాడ వైపు వస్తే కబురు చేయండి. గాలి లేని పొద్దున, ఎనిమిది తొమ్మిది గంటల మధ్య, మా మురుగు కాలువ గట్టు మీద మీకు చూపిస్తాను. చెప్పులు విప్పి నడవాలి, అడుగు చప్పుడుకి కప్పలు దూకితే నీళ్ళు కలకబారతాయి. తూటికాడ పక్కన, వాన లేకుండా చినుకులు పడుతున్న చోటు కోసం చూడాలి. కనపడ్డాక కాసేపు కూర్చోండి. పిల్లలు కాస్త పక్కకి జరుగుతాయి. ఆ వెనకే నల్లటి వీపు జరుగుతుంది.

ఇట్లు,
గుడివాడ దగ్గర కాలువ గట్టు మనిషి